బియ్యం ఎందుకు నిండుకున్నాయి?

సంస్కృతి అనే పెద్ద మాటను చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి? చార్టు మీద బొమ్మలు అంటిస్తే సరిపోతుందా, పట్టులంగా కట్టి స్కూలుకు పంపితే తెలుస్తుందా? జవాబు వంటింట్లో, బియ్యం డబ్బాలోనే ఉందేమో!

మా అమ్మ కోనసీమ నుంచి వచ్చి మా దగ్గర ఉన్న రోజులవి. పొద్దున్నే వంటింట్లోంచి కేకేసింది: “ఒరేయ్, బియ్యం నిండుకున్నాయిరా! సాయంత్రం వచ్చేటప్పుడు పట్టుకురా.” పక్కనే పాలు తాగుతున్న మా ఐదేళ్ల చిన్నది గ్లాసు కింద పెట్టింది. స్టూలెక్కి డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూసింది. అడుగున నాలుగు గింజలున్నాయంతే. గబగబా వచ్చి నా చెవిలో చెప్పింది: “నాన్నా, నానమ్మ అబద్ధం చెబుతోంది. డబ్బా నిండలేదు, ఖాళీగా ఉంది!”

ఆ వారమే స్కూల్లో దానికో పని ఇచ్చారు. ‘మన సంస్కృతి’ మీద చార్టు చేసుకు రావాలి. పుస్తకాల కొట్లో అలాంటి బొమ్మల కాగితం ఒకటి దొరుకుతుంది. చార్మినార్, కూచిపూడి నర్తకి, ముగ్గు, అరిటాకులో భోజనం వరసగా ఉంటాయి. కత్తిరించి అంటించాం. శుక్రవారం ‘సంప్రదాయ దినం’ అన్నారు, పట్టులంగా కట్టి పంపాం. సాయంత్రం ఇంటికొచ్చి లంగా విప్పేస్తూ అడిగింది: “నాన్నా, సంస్కృతి అయిపోయిందా? ఇంక గౌను వేసుకోవచ్చా?”

తప్పు పిల్లది కాదు. సంస్కృతి అంటే ఒక రోజు కట్టుకుని విప్పేసేదని దానికి చెప్పింది మనమే. అసలు సంస్కృతి ఆ వారం వంటింట్లో దాని కళ్లముందే నడిచింది. చిన్నదే స్టూలెక్కి మూత తీసి చూసింది. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. చెప్పాల్సిన సమయం నిజానికి అదే.

పుట్టుకతో రానిదంతా

సంస్కృతికి మానవశాస్త్రం ఇచ్చిన తొలి నిర్వచనాల్లో బాగా పేరుపడ్డది ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ టైలర్‌ది. 1871లో రాశాడు. జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, ఆచారం, అలవాటు... ఇలా మనిషి నలుగురితో కలిసి బతుకుతూ నేర్చుకున్నదంతా సంస్కృతేనన్నాడు. ఇందులో పిల్లలకు పనికొచ్చే మాట ‘నేర్చుకున్నది’. ఆకలి పుట్టుకతో వస్తుంది. ముద్దలో ముందు పప్పు కలపాలా, ఆవకాయ కలపాలా అన్నది నేర్చుకుంటేనే వస్తుంది. ఏడుపు పుట్టుకతో వస్తుంది. దెబ్బ తగిలితే “అమ్మా!” అనాలని నేర్చుకుంటాం.

ఇంత చెబితే ఐదేళ్ల పిల్లకూ అర్థమవుతుంది. నిర్వచనం అక్కడితో ఆపి ఇంట్లో వెతుకులాట మొదలుపెట్టొచ్చు. ఏవి పుట్టుకతో వచ్చాయి, ఏవి ఎవరు నేర్పారు? మా చిన్నది ఆడిన మొదటి సంస్కృతి ఆట అదే. “తుమ్ము?” “పుట్టుకతో.” “తుమ్మితే చిరంజీవ అనడం?” కాసేపు ఆలోచించి, “నానమ్మతో!” అంది.

మాటలో దాక్కున్న మర్యాద

బియ్యం దగ్గరికే వద్దాం. ఇంట్లో ‘లేదు’ అన్న మాట రాకూడదని మన పెద్దవాళ్ల పట్టుదల. అందుకే బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. వీధి గుమ్మం దాటేవాళ్లు ‘వెళ్తా’ అనరు, ‘వెళ్లొస్తా’ అంటారు. చీకటి పడ్డాక పాము పేరెత్తకుండా ‘పురుగు’ అనేవాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు. పిల్లలకు ఇవి రహస్య సంకేతాల్లా ఉంటాయి, వాళ్లకి రహస్యాలంటే ఇష్టం. మా అమ్మ మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పిన వివరణ ఒక్క వాక్యం: “లేదు లేదంటే బియ్యానికి కోపమొస్తుందమ్మా, అందుకని మంచిమాట అంటాం.” అబద్ధానికీ మంచిమాటకీ తేడా దానికి ఆ పూటే తెలిసింది.

మా ఆవిడది కరీంనగర్ వైపు. అక్కడ అమ్మమ్మ ఇంట్లో “బియ్యం ఒడిసినయ్ బిడ్డా” అంటారు. అదీ వినిపించాం. ఒకే డబ్బా, రెండు మాటలు. ఒకటి ఒప్పు, ఇంకోటి తప్పు అనుకోకుండా రెండూ తనవే అనుకోవడం పిల్లలు నేర్చుకోవాల్సిన తొలి పాఠాల్లో ఒకటి.

మన వ్యాకరణంలోనే ఇంకో పాఠం ఉంది. ఒకసారి మా చిన్నది పై అంతస్తు ఆవిడతో “ఆంటీ, రేపు మనం తిరుపతి వెళ్తున్నాం” అంది. ఆవిడ నవ్వుతూ “అయితే నేనూ బట్టలు సర్దుకోనా?” అంది. ఇంగ్లీషు ‘వీ’కి, హిందీ ‘హమ్’కి లేని తేడా ఇది. వినేవాళ్లను బయట ఉంచితే మేము, కలుపుకుంటే మనం. ఇంగ్లీషులో పెరిగే పిల్లలు మొదట తడబడేది ఇక్కడే. దిద్దడానికి కోప్పడక్కర్లేదు. పై అంతస్తు ఆవిడలా ఒక నవ్వు నవ్వితే చాలు.

పిల్లలకు సంస్కృతి చెప్పేటప్పుడు నాకు దారి చూపించింది ఈ రెండు మాటలే. ముందు మేము: మా ఇంట్లో ఇలా చేస్తాం. తరవాత మనం: పక్కింట్లో అలా చేస్తారు, పద చూద్దాం. మొదటిది లేకపోతే పిల్లలకు ఇల్లు తెలియదు, రెండోది లేకపోతే వీధి తెలియదు.

అంకుల్‌కి పనేంటి?

టైలర్ ఆ నిర్వచనం రాసిన 1871లోనే, అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే న్యాయవాది ప్రపంచంలోని ఎన్నో జాతుల చుట్టరికాల పేర్లను పట్టికలు వేసి ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. అందులో తెలుగు వరసలూ ఉన్నాయి. నాన్న అన్నదమ్ముల పిల్లలు, అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెళ్లు అవుతారు. నాన్న తోబుట్టువైన అత్త పిల్లలు, అమ్మ తోబుట్టువైన మామ పిల్లలు మాత్రం బావలు, వదినలు, మరదళ్లు అవుతారు. ఇలాంటి లెక్కనే అమెరికా ఆదివాసుల్లో ఇరొక్వా తెగవాళ్ల దగ్గర చూసిన మోర్గాన్ దక్షిణ భారతం పట్టికలు చేతికి రాగానే ఆశ్చర్యపోయాడు.

ఇప్పుడు మన పిల్లలకు వ్యాన్ డ్రైవరు అంకులే, డాక్టరు అంకులే, మేనమామా అంకులే. వరస చెప్పి ఊరుకుంటే పిల్లలు మరిచిపోతారు. వరసతోపాటు పని చెబితే గుర్తుంటుంది. మేనమామ ఎవరు? చెవులు కుట్టేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకున్నాయన. పెళ్లిలో పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చేవాడు. ఇది విన్నాక మా చిన్నది వాళ్ల మేనమామకు ఫోన్ చేసి “మామయ్యా, నువ్వు ఎంత బరువు మోయగలవు?” అని అడిగింది.

బాబాయి కొన్నిచోట్ల చిన్నాన్న, తెలంగాణలో కాక. పిన్ని చిన్నమ్మ కూడా. చింతగింజలు, చిక్కుడు గింజలు, కందులు తెచ్చి నేలమీద కుటుంబాన్ని పేర్చమని పిల్లలకు చెప్పండి. అమ్మవైపుకు ఒక రకం గింజ, నాన్నవైపుకు ఇంకో రకం గింజ. అరగంటలో వరసలన్నీ చేతికొస్తాయి.

పళ్లెంలో ఊరి మట్టి

తిండి గురించి చెప్పడం అన్నిటికన్నా సులువు, ఎందుకంటే పాఠం తినేయొచ్చు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులుంటాయని ప్రతి బళ్లోనూ చెబుతారు. కానీ చాలామంది పిల్లలు వాటిని విడివిడిగా నాలుక మీద పెట్టుకుని చూసి ఉండరు. వేపపువ్వు, బెల్లం, చింతపండు, ఉప్పు, మామిడి ముక్క, కారం. ఒక్కోటి రుచి చూపించి, ముఖం ఎలా పెట్టారో అద్దంలో చూడమని, చివరికి అన్నీ కలిపి ఇస్తే ఆ పండగ ఏం చెబుతుందో మనం వివరించక్కర్లేదు. కోస్తాలో ఆ పచ్చడిని చిక్కగా కలిపి చెంచాతో తింటే, తెలంగాణలో చాలా ఇళ్లలో కొత్త కుండలో పలచగా కలిపి గ్లాసుల్లో పోసుకుని తాగుతారు. మా ఇంట్లో ఏటా రెండూ చేయాల్సి వస్తోంది.

ఏడెనిమిదేళ్లు వచ్చాక ‘ఎందుకు’ అని అడుగుతారు. రాయలసీమ వాళ్లకి రాగిసంగటి ఎందుకు, గోదావరి వాళ్లకి మూడుపూటలా అన్నం ఎందుకు? వానను అడగాలి. వానలు తక్కువైన నేలమీద రాగులు, కొర్రలు, జొన్నలు నిలుస్తాయి, వరి నిలవదు. గోదావరి జిల్లాల్లోనూ వరి ఇంతగా విస్తరించింది 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాకే. పళ్లెంలో ఉన్నది అమ్మ ఇష్టం ఒక్కటే కాదు, వాన, నేల, కాలువ కలిసి వండినదని పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

అలిగిన రోజు ఆట లేదు

పండగను చూపించి చెప్పాలంటే బతుకమ్మను మించింది లేదు. పోయినేడు అమ్మమ్మ ఊళ్లో చిన్నదాన్ని గునుగు పూల దగ్గర కూర్చోబెట్టారు. గునుగు చేలల్లో దానంతటదే మొలిచే కలుపు మొక్క. మామూలప్పుడు పీకి పారేస్తారు. పండగ జరిగే తొమ్మిది రోజులు మాత్రం దానికి పట్టాభిషేకమే. కాడలు సమానంగా కోసి, చిన్న కట్టలు కట్టి, తెల్లటి కొసల్ని రంగునీళ్లలో ముంచి ఆరబెట్టారు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి వాటిమీద ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు, మళ్లీ బంతి. లోపల గుల్లగా ఉంటే కూలిపోతుందని తుంచిన ఆకులూ కాడలూ కూరారు. వరస పైకి వెళ్లేకొద్దీ వలయం చిన్నదవుతుంది. పైన పసుపు గౌరమ్మ. చిన్నది ఒక కట్టను అడ్డంగా పెట్టబోతే అమ్మమ్మ చేయి పట్టుకుని తిప్పింది: “కాడ లోపటికి, పువ్వు బయటికి బిడ్డా.” ఈ ఒక్క మాటలో బొటనవేలికి, చూపుడువేలికి అందిన చదువు ఏ చార్టులోనూ లేదు.

రోజుల పేర్లు పిల్లల కోసమే పెట్టినట్టుంటాయి. మొదటిరోజు ఎంగిలిపూల బతుకమ్మ, తరవాత అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మ. ఆరోరోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆట ఉండదు. ఆపైన వేపకాయల, వెన్నముద్దల, చివరికి సద్దుల బతుకమ్మ. అమ్మవారికీ అలక వస్తుందని, అలిగినవాళ్లను ఒకరోజు వాళ్ల మానాన వదిలేయాలని ఇంత చక్కగా ఇంకెవరు చెబుతారు? చిన్నదానికి తొమ్మిదింటిలోనూ నచ్చింది అదే.

చేతికి అందే బొమ్మ

సంస్కృతిలో చేతిపని వాటా పెద్దది. విజయవాడ దగ్గర కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి బొమ్మ చేస్తారు. కాళ్లు, చేతులు, తోక విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరిగే చక్రానికి బిగించి, దానికి రంగు లక్కను అదుముతారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. అరచేతులు రెండూ గట్టిగా రుద్ది బుగ్గకు ఆనించుకోమనండి. లక్క ఎందుకు కరిగిందో అర్థమైపోతుంది.

ఆటలూ ఇంతే. వామనగుంటల పీటకు వరసకు ఏడు చొప్పున పధ్నాలుగు గుంటలు. పావులు చింతగింజలే. ఆ గింజే జిగురు, ఆ గింజే పావు, దాని పండే పులుసు. ఒక చింతచెట్టును పట్టుకుంటే తిండి, ఆట, బొమ్మ, మూడూ చెప్పేయొచ్చు.

బంతి ఎక్కడిది, మిరపకాయ ఎక్కడిది?

ఇక్కడ పెద్దవాళ్లం కాస్త జాగ్రత్త పడాలి. సంస్కృతి అంటే ఎన్నడూ మారనిదని పిల్లలకు చెప్పామంటే, కాస్త పెద్దయ్యాక వాళ్లే మనల్ని పట్టుకుంటారు. గుంటూరు మిరపకాయ లేని ఆవకాయను ఊహించలేం. కానీ మిరప పుట్టింది అమెరికా ఖండంలో. పోర్చుగీసువాళ్ల రాకతోనే మన దేశానికి చేరింది. అంతకుముందు కారమంటే ఎక్కువగా మిరియమే. గుమ్మానికి కట్టే బంతిపూల దండ, బతుకమ్మలో పేర్చే బంతి వరస కూడా అంతే. బంతి సొంతూరు మెక్సికో. అక్కడివాళ్లు పోయిన పెద్దలను తలుచుకునే పండగలో ఇప్పటికీ ఆ పూలే పరుస్తారు. వచ్చినవాటిని మనవి చేసుకోవడమూ మన సంస్కృతేనని తెలిస్తే పిల్లల గర్వం తగ్గదు, ఇంకాస్త విశాలమవుతుంది.

వదిలేసినవాటి గురించీ చెప్పాలి. ఫలానావాళ్లకు వేరే గ్లాసు పెట్టడం, ఆడపిల్లను బడి మాన్పించడం, భర్త పోయినామెను మూలన కూర్చోబెట్టడం, ఇవన్నీ ఆచారం పేరుతోనే నడిచాయి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయనను వెలివేసినవాళ్లు కూడా సంప్రదాయం పేరే చెప్పారు. తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఈ కథ చెబితే “మరి ఇప్పుడు మనం చేస్తున్నవాటిలో తప్పులున్నాయా?” అని అడుగుతారు. అడగాలి. ఉంటే ఒప్పుకోవాలి.

ఇంకో మాట. పిల్లలు ఎందుకని అడగగానే ఫోన్లో తిరిగే ‘శాస్త్రీయ కారణాలు’ వల్లించకండి. గడపకు పసుపు రాయడం అందంగా ఉంటుంది, మా అమ్మ రాసేది, వాళ్లమ్మా రాసేది. అది చాలదూ? తెలియకపోతే “నాకూ తెలియదమ్మా, నానమ్మను అడుగుదాం” అంటే మరీ మంచిది. అలా అన్నప్పుడల్లా ఊరికి ఒక ఫోన్ వెళ్తుంది.

వీధిలోకి

‘మేము’ కుదిరాక ‘మనం’ నేర్పడానికి మన ఊళ్లు మంచి బడులు. మొహర్రం పీర్లను తెలంగాణలో, రాయలసీమలో ఎన్నో ఊళ్లలో హిందువులూ ఎత్తుకుంటారు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. రొట్టె ఇచ్చేవాళ్ల మతం ఎవరూ అడగరు. క్రిస్మస్ నెలలో వీధిలో ఎన్ని నక్షత్రాలు వెలిగాయో లెక్కపెట్టుకుంటూ నడవడమూ ఒక పాఠమే.

దూరం వెళ్లిన తెలుగువాళ్లను చూసినా ఏది నిలుస్తుందో తెలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల కూలికి మారిషస్ చేరినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్. అయినా ఉగాది అక్కడ సెలవురోజు, దీపం చుట్టూ రామభజన తిరుగుతూనే ఉంది. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి తరగతులకు పిల్లల్ని వారం వారం కారులో దింపే తల్లిదండ్రులది ఇంకో దారి. మారిషస్‌వాళ్లు ముందు భజనను పట్టుకున్నారు, అమెరికావాళ్లు ముందు అక్షరాన్ని పట్టుకున్నారు. ఏ కొస పట్టుకున్నా తాడు ఒకటే.

ఈ ఆదివారం చేసి చూడండి

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు: వివరణలు వద్దు. ముట్టుకోవడం, వాసన చూడటం, రుచి చూడటం చాలు. ఒక పువ్వు, ఒక పిండివంట, ఒక జోలపాట. ముగ్గుపిండి చేతికిచ్చి చుక్కలు పెట్టనివ్వండి, వంకరగా వచ్చినా చెరపకండి.

ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు: పోలికలు చెప్పండి. అమ్మ ఊరి మాట, నాన్న ఊరి మాట. మన ఇంటి పులుసు, పక్కింటి పులుసు. ఒకే కథను ఇద్దరు పెద్దలతో చెప్పించి, ఎక్కడెక్కడ మారిందో పట్టుకోమనండి.

తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు: విలేకరి పని ఇవ్వండి. తాతయ్యనో అమ్మమ్మనో ఒక ప్రశ్న అడిగి రాసుకు రావాలి: “నీ చిన్నప్పుడు ఉండి, ఇప్పుడు లేనిదేంటి? పోవడం మంచిదైందా?” ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అని వెతికి రాసిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మీ పిల్లలు రాసుకొచ్చే రెండు పేజీలు ఆ కోవలోవేనని వాళ్లకు చెప్పండి.

మా ఇంటి చార్టు గోడమీద మూడు వారాలుండి, ఒక మూల ఊడి, చివరికి అటక ఎక్కింది. మొన్న పై అంతస్తు పిల్లాడు ఆడుకోవడానికి వచ్చాడు. ఇద్దరూ బిస్కెట్ల డబ్బా తీశారు. నేను పక్కగదిలో ఉన్నాను.

“ఖాళీగా ఉంది,” అన్నాడు వాడు.

“ఖాళీ అనకూడదు. మేము నిండుకున్నాయి అంటాం,” అంది మా చిన్నది.

వాడు డబ్బాలోకి ఇంకోసారి చూశాడు. “నిండుకున్నాయా?”

“ఆ. ఇప్పుడు నువ్వూ అన్నావుగా, మనం అంటాం.”